యాభైకి డెబ్బై అయిదు అతుకుతుందా?

చాలా రోజుల తర్వాత పెద్ద పోస్టు రాస్తున్నాను. పక్కన చాయ్ పెట్టుకొని తీరికగా చదవండి. ఈసారి సంగతి వధూవరుల పరిచయ వేదిక కాదు, స్కాలర్‌షిప్పులు కాదు. మన స్లాబుల మీద వేలాడుతున్న నల్ల వైరు.

సిరిసిల్ల, భివండి, హైదరాబాద్ నుంచి చదివేవాళ్ల కోసం ఒక మాట. మా షోలాపూర్‌లో హైదరాబాద్ రోడ్డు వైపు ఉన్న బస్తీ ఈ విడీ ఘర్కుల్. విడీ అంటే బీడీ, ఘర్కుల్ అంటే ఇల్లు. మగవాళ్లు సాంచాల మీద, ఆడవాళ్లు ఇంట్లో తునికాకు కత్తిరించుకుంటూ బీడీల మీద బతికిన ఇళ్లు ఇవి. బయట మరాఠీ, ఇంట్లో తెలుగు. అందుకే 1995 ఆగస్టు 27న ఈటీవీ మొదలైన తర్వాత మా కేబుల్ వాళ్లకు ఊపిరి ఆడలేదు. ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకొని వెయ్యి బీడీలు చుట్టేంతసేపూ ఇంట్లో తెలుగు మాట వినబడాలి. బొమ్మ సరిగ్గా లేకపోతే రాత్రి పదింటికి కూడా పిలుపు వచ్చేది. నేను ఆ రోజుల్లో లైన్‌మన్‌ని. నిచ్చెన, కటింగ్ ప్లయర్, జేబు నిండా కనెక్టర్లు. సైకిలు మీద ఇరవై ఏళ్లు తిరిగాను.

ఇప్పుడు చాలా ఇళ్లకు ఫైబర్ వచ్చింది. పాత వైరు స్లాబు మీద అలాగే పడి ఉంది. కొందరు బట్టలు ఆరేసుకుంటున్నారు. నిరుడు మా మేనకోడలు ఆ వైరు చుట్ట ఒకటి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. పిల్ల డిప్లొమాలో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. ల్యాప్‌టాప్‌కు పెట్టుకొనే వేలెడంత రేడియో ఒకటి కొనుక్కుంది. అది అసలు టీవీ చూడటానికి పుట్టిన ముక్క. దాన్ని రేడియోగా వాడుకోవచ్చని 2012లో ప్రపంచంలో కొందరు కనిపెట్టారు. దాదాపు 24 మెగాహెర్ట్‌జ్ నుంచి 1700 దాకా ఏదైనా వింటుంది. ఎఫ్ఎం పాటలూ వస్తాయి, 1090 మెగాహెర్ట్‌జ్ దగ్గర విమానాలు తామెక్కడున్నామో చెప్పుకొనే సంకేతమూ వస్తుంది. ఏంటెనా స్లాబు మీద, ల్యాప్‌టాప్ కింద గదిలో. మధ్యలో ఇరవై మీటర్లు.

"మామా, ఈ వైరు పనికిరాదంట. ఇది డెబ్బై అయిదు ఓములు, రేడియో యాభై ఓములు. జత కుదరదు, యాభై ఓముల వైరే కొనాలంటున్నరు" అంది. దుకాణంలో చెప్పిన ధర విన్నాను. వాళ్లమ్మ పది రోజులు చుట్టే బీడీల కూలీ అది. పిల్ల మొహం చూస్తే అడగడానికి వచ్చినట్టు లేదు, మానుకుందామని వచ్చినట్టుంది.

ఈ పోస్టు దాని కోసమే. ఇలా "జత కుదరదు" అన్న ఒక్క మాటకు ఆగిపోయే పిల్లలు మన ఇళ్లల్లో ఇంకా ఉంటారు. నాకు పెద్ద చదువు లేదు గానీ, వైరు గురించి నాలుగు ముక్కలు చెప్పగలను.

మొదట ఈ ఓముల సంగతి. మల్టీమీటరు తీసుకొని కేబుల్ మొదట్లో పెట్టి చూస్తే ఎక్కడా 75 కనబడదు. "అన్నా, ఇది డూప్లికేటు మాలు" అని నాతో వాదించినవాళ్లు ఉన్నారు. ఆ 75 బ్యాటరీ కరెంటుకు కనబడేది కాదు. సిగ్నల్ అల వైరులోకి అడుగుపెట్టిన క్షణంలో దానికి తగిలే బరువు అది. దాన్నే ఇంపెడెన్స్ అంటారు. వైరు అయిదు మీటర్లున్నా వంద మీటర్లున్నా అదే. మనకు తెలిసిన లెక్కలో చెప్పాలంటే, చద్దర్ పొడవు పెరిగితే అంగుళానికి పోగులు మారతాయా? ఇదీ అంతే. నేత గుణం అది, కొలత కాదు.

ఆ గుణం దేన్ని బట్టి వస్తుంది? నడిమి రాగి తీగ లావు, దాని చుట్టూ ఉన్న తెల్ల నురుగు లావు, ఈ రెండింటి నిష్పత్తిని బట్టి. ఆ తెల్ల పదార్థం ఎలాంటిదన్నది ఒకటి కలుస్తుంది. మన ఇళ్లకు లాగిన ఆర్‌జీ-6లో తీగ ఒక మిల్లీమీటరు, నురుగు నాలుగున్నర మిల్లీమీటర్లు. అందుకే సన్నటి ఆర్‌జీ-59 గానీ, స్తంభాల మీద పోయే లావు ఆర్‌జీ-11 గానీ అన్నీ 75 ఓములే. వాకీటాకీలకు, హామ్ రేడియోలకు వాడే ఆర్‌జీ-58లో నిష్పత్తి తక్కువ, మూడు చిల్లర, కాబట్టి అది 50 ఓములు.

ఈ రెండు అంకెలు ఎందుకొచ్చాయన్నది నాకు చాలా ఇష్టమైన సంగతి. లోపల గాలి మాత్రమే ఉన్న కేబుల్‌లో సిగ్నల్ అతి తక్కువ అరిగేది 77 ఓముల దగ్గర. ఎక్కువ పవర్ మోయగలిగేది 30 ఓముల దగ్గర. టీవీ వాళ్లకు పవర్ అక్కర్లేదు, దూరం పోవాలి, అరగకూడదు, కాబట్టి 75 పట్టుకున్నారు. ట్రాన్స్‌మిటర్ వాళ్లకు రెండూ కావాలి, అందుకని మధ్యలో 50 దగ్గర రాజీపడ్డారు. బెల్ ల్యాబ్స్‌లో ఎస్పెన్‌షీడ్, ఎఫెల్ అనే ఇద్దరు 1929లో ఈ కేబుల్‌ను వైడ్‌బ్యాండ్ పనికి పేటెంట్ కోసం పెట్టారు. అప్పటి నుంచి ఈ రెండు కులాలూ వేరువేరుగానే పెరిగాయి. (కులం అన్నానని కోపం తెచ్చుకోకండి.)

ఇప్పుడు అసలు ప్రశ్న. 50, 75 కలిస్తే ఏమవుతుంది? లావు తాడుకు సన్న తాడు ముడేసి ఒక కొస దగ్గర ఝాడించండి. అల ముడి దగ్గరికి వచ్చాక కొంత ముందుకు పోతుంది, కొంత వెనక్కి వస్తుంది. ఎంత వెనక్కి? రెండింటి తేడాను రెండింటి మొత్తంతో భాగించండి: 25 ని 125 తో, అయిదో వంతు. ఇది వోల్టేజీ లెక్క. పవర్ లెక్కలో దాని వర్గం, 25లో ఒక వంతు. అంటే రూపాయిలో 4 పైసలు. 96 పైసలు ముందుకు పోతున్నాయి! ఇంజనీర్ల భాషలో 0.18 డెసిబెల్. ఎవరి చెవికీ, ఎవరి కంటికీ తెలియని నష్టం.

మేనకోడలికి ఈ లెక్క చెబితే నమ్మలేదు. "రెండు ముళ్లు ఉన్నయి కదా మామా, ఏంటెనా దగ్గర ఒకటి, రేడియో దగ్గర ఒకటి" అంది. తెలివైన ప్రశ్న. రెండు చోట్ల వెనక్కి దూకిన ముక్కలు కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అక్కడ నష్టమే ఉండదు. కొన్నింటి దగ్గర కలిసి బలపడతాయి. కేబుల్ పొడవు ఆ అలలో పావు వంతు, లేదా ముప్పావు అయినప్పుడు, అటు చివరి 50 ఇటు వైపు నుంచి చూస్తే 112.5 ఓముల్లా కనబడుతుంది. అప్పుడు పోయేది గరిష్ఠంగా 15 పైసలు. ఇరవై మీటర్ల వైరులో ఈ ఎగుడుదిగుడు దాదాపు ప్రతి ఆరు మెగాహెర్ట్‌జ్‌కూ ఒకసారి వస్తుంది. వైడ్‌బ్యాండ్ అన్న మాటలో చిక్కంతా ఇదే. ఒక్క ఫ్రీక్వెన్సీ అయితే పొడవు సరిచేసి తప్పించుకోవచ్చు. 24 నుంచి 1700 దాకా వినాలంటే ఏదో ఒక గుంట మీద కాలు పడక తప్పదు. అయినా గుంట లోతు 15 పైసలే.

ఇక వైరు సొంత అరుగుదల చూడండి. 1090 మెగాహెర్ట్‌జ్ దగ్గర ఇరవై మీటర్ల ఆర్‌జీ-6 దాటాక రూపాయిలో సుమారు 40 పైసలు మిగులుతాయి. "జత కుదిరే" సన్నటి ఆర్‌జీ-58 లాగితే పది పైసలు కూడా మిగలవు. అంటే కులం కుదిరిన వైరు, కుదరని వైరు కంటే నాలుగింతలు అధ్వానం. 50 ఓముల్లోనే లావుపాటి మంచి కేబుళ్లు ఉన్నాయి, కాదనను. వాటి ధర వింటే పది రోజుల బీడీల కూలీ కూడా చాలదు.

మరి జత కుదిర్చే సామాను లేదా? ఉంది, మూడు రకాలు. ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి.

ఒకటి, రెండు రెసిస్టర్ల ముక్క. 75 వైపు నుంచి వచ్చే దారిలో 43 ఓములది, 50 వైపు అడ్డంగా 87 ఓములది. ఏ ఫ్రీక్వెన్సీకైనా రెండు వైపులా అచ్చంగా జత కుదురుతుంది, ఒక్క పైసా వెనక్కి దూకదు. కానీ రూపాయిలో 73 పైసలు ఆ రెసిస్టర్లే వేడి చేసి తినేస్తాయి, చేతికి వచ్చేది 27. నాలుగు పైసల తగువు తీర్చడానికి 73 పైసలు ఫీజు! మీటర్లతో కొలిచేవాళ్లకు ఇది కావాలి, ఎందుకంటే వాళ్లకు ఎంత పోతుందో కచ్చితంగా తెలిస్తే చాలు. వినేవాళ్లకు అక్కర్లేదు.

రెండోది, మధ్యలో పావు అల పొడవున 61 ఓముల వైరు ముక్క పెట్టడం. యాభైని డెబ్బై అయిదుతో గుణించి వర్గమూలం తీస్తే వచ్చేది ఆ 61. ఒక్క ఫ్రీక్వెన్సీకి దివ్యంగా పనిచేస్తుంది. మన అవసరం వైడ్‌బ్యాండ్ కాబట్టి దీన్ని వదిలేద్దాం. పైగా 61 ఓముల వైరు ఏ దుకాణంలో దొరుకుతుంది?

మూడోది చిన్న ఫెరైట్ పూసకు తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మర్. నలభై దాటిన ప్రతి ఒక్కరూ దీని అన్నను చూసే ఉంటారు. ఇంటి మీద అల్యూమినియం ఏంటెనా, దాని నుంచి చప్పటి రిబ్బను వైరు, టీవీ వెనక వేలెడంత ప్లాస్టిక్ డబ్బీ గుర్తున్నాయా? ఆ రిబ్బను 300 ఓములు, టీవీ 75. డబ్బీ పగలగొడితే లోపల రెండు రంధ్రాల పూస, పంది ముక్కులా ఉంటుంది. దాని మీద రెండింటికి ఒకటి లెక్కన చుట్లు. చుట్లు రెట్టింపు అయితే ఇంపెడెన్స్ నాలుగింతలు. దూరదర్శన్ పాత బ్యాండు నుంచి యూహెచ్‌ఎఫ్ దాకా అంతటినీ ఆ ఒక్క పూస మోసేది. మన ఇళ్లల్లో వైడ్‌బ్యాండ్ మ్యాచింగ్ ఎప్పటి నుంచో ఉంది, మనమే పేరు అడగలేదు. రెండు తీగలను కలిపి పేని, కేబుల్‌లా నడిపించి చుడితే అంత వెడల్పు వస్తుందని స్విట్జర్లాండ్‌లో గ్వానెల్లా 1944లోనూ, అమెరికాలో రుథ్‌రాఫ్ 1959లోనూ రాశారు. 50కి 75 కుదరాలంటే చుట్లు 9కి 11 వేస్తే చాలు. తొమ్మిది తొమ్మిదులు 81, పదకొండు పదకొండులు 121, దాదాపు ఒకటికి ఒకటిన్నర. మంచిది చుడితే నష్టం తక్కువే. అయినా 24 నుంచి 1700 దాకా ఒకే పూస మోయడం కష్టం. అవతల నష్టం 15 పైసలు మించనప్పుడు ఆ కష్టం ఎందుకు?

ఆన్‌లైన్‌లో దొరికే యాభై రూపాయల అడాప్టర్ గురించి కూడా చెప్పాలి. ఒక పక్క ఎఫ్ కనెక్టర్, ఇంకో పక్క ఎస్ఎంఏ. "ఇది పెడితే మ్యాచ్ అయిపోతుంది" అని అమ్ముతారు. దానిలో ఏమీ లేదు, ఒట్టి ఇత్తడి. సాకెట్టును సాకెట్టుకు కలుపుతుంది అంతే. మనకు కావలసింది కూడా అంతే కాబట్టి కొనండి, కానీ ఆ మాట నమ్మకండి. ఎన్ కనెక్టర్ల దగ్గర మాత్రం జాగ్రత్త. 50 ఓముల ఎన్ ప్లగ్గు నడిమి సూది లావు. దాన్ని 75 ఓముల ఎన్ సాకెట్టులో తిప్పి బిగిస్తే లోపలి సన్న వేళ్లు విచ్చుకుపోతాయి. తర్వాత దాని సొంత ప్లగ్గు పెట్టినా వదులుగానే ఉంటుంది. సాకెట్టు పోయినట్టే. బీఎన్‌సీలో ఆ భయం లేదు, ఏదైనా దేనిలోనైనా కూర్చుంటుంది.

ఇంత చెప్పాక "అయితే జత కుదరకపోయినా ఫరవాలేదన్నమాట" అనుకోకండి. ఎక్కడ ఫరవాలేదో, ఎక్కడ కొంప ముంచుతుందో తెలియాలి.

కేబుల్ రోజుల్లో అన్నదమ్ములు ఇల్లు పంచుకుంటే మధ్యలో గోడ లేచేది, కేబుల్ మాత్రం ఒకటే. వైరు కోసి, తీగలు పేని, టేపు చుట్టి రెండు టీవీలకు పంచుకొనేవారు. నేను వెళ్లి స్ప్లిట్టర్ పెట్టుకోండంటే "బొమ్మ వస్తుంది కదా తమ్మీ" అనేవారు. వాళ్ల మాట అబద్ధం కాదు. పేనిన ముడిలో ఒక్కో టీవీకి రూపాయిలో 44 పైసలు పోతాయి. మార్కెట్లో కొన్న స్ప్లిట్టర్‌లో కూడా దాదాపు అంతే, 44 పైసలు! తేడా మిగిలిన 11 పైసల్లో ఉంది. స్ప్లిట్టర్ వాటిని తనలో వేడి చేసుకొని చల్లారిపోతుంది. పేనిన ముడి వాటిని వెనక్కి, వచ్చిన దారినే తోసేస్తుంది. ఇంటి నుంచి ఇంటికి గొలుసులా లాగిన లైన్లలో ఆ పదకొండు పైసలు పోయి పక్కింటి సీరియల్లో నీడ బొమ్మగా తేలేవి. ముడి వేసినవాళ్ల బొమ్మ బాగానే ఉండేది. ఫిర్యాదు పక్కింటి నుంచి వచ్చేది. ఇలాంటి తగవులు ఎన్ని తీర్చానో లెక్కలేదు.

ఆ నీడను బట్టే నేను ముడి ఎక్కడుందో పట్టుకొనేవాణ్ని. టీవీ బొమ్మలో ఒక గీత ఎడమ నుంచి కుడికి గీయడానికి 52 మైక్రోసెకన్లు పడుతుంది. 21 అంగుళాల టీవీ మీద అది దాదాపు 43 సెంటీమీటర్లు. రెండు చెడ్డ చోట్ల మధ్య వంద మీటర్ల వైరు ఉంటే, సిగ్నల్ అదనంగా పోయి రావడానికి 0.8 మైక్రోసెకను. అంటే నీడ ఆరేడు మిల్లీమీటర్లు కుడికి జరుగుతుంది. స్కేలు పెట్టి కొలిచి "నాలుగో గల్లీ మలుపు దగ్గర చూడు" అని మా పిల్లవాణ్ని పంపేవాణ్ని. యాంకరమ్మ ముక్కు పక్కన స్కేలు పెడుతుంటే ఇంట్లోవాళ్లు నవ్వేవారు.

డిజిటల్ వచ్చాక ఆ నీడ కనబడటం పోయింది. బాక్సు చిన్న చిన్న ప్రతిధ్వనులను తానే సర్దుకుంటుంది. సర్దుకోలేనంత అయినప్పుడు చెప్పాపెట్టకుండా గళ్లు గళ్లుగా విరిగి ఆగిపోతుంది. పాత రోగం పోలేదు, లక్షణం దాక్కుంది. అందుకే ఇప్పటికీ కేబుల్ ఉన్నవాళ్లు ఖాళీగా ఉన్న స్ప్లిట్టర్ నోటికి 75 ఓముల టర్మినేటర్ మూత పెట్టండి. పది ఇరవై రూపాయల వస్తువు.

ఇంకో చోటు, పంపే పని. వినే రేడియోకు నాలుగు పైసలు పోతే పోయాయి. పంపే రేడియోలో వెనక్కి వచ్చిన పవర్ దాని కడుపులోకే వస్తుంది. ఈ రోజుల సెట్లు అది చూసి భయపడి తమ పవర్ తామే తగ్గించుకుంటాయి. 2004 డిసెంబరులో హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ గారి బృందం హామ్ రేడియో సెట్లతో అండమాన్‌లో ఉంది. 26న సునామీ వచ్చి ఫోన్లు పడిపోయాక పోర్ట్‌బ్లెయిర్ నుంచి బయటి ప్రపంచానికి మాట మోసింది వాళ్లే. అలాంటి చోట "కొంచెం పోయినా ఫరవాలేదు" అనడం కుదరదు. ఏంటెనా, వైరు, సెట్టు మూడూ ఒకే మాట మీద ఉండాలి.

మేనకోడలి ఏంటెనా పాత ఆర్‌జీ-6తోనే లేచింది. రెండు చివర్లా జానెడు జానెడు కోసేశాం, రాగి నల్లబడింది. కొత్త కనెక్టర్లు, ఒక ఇత్తడి అడాప్టర్, పైన నీళ్లు దిగకుండా టేపు. మొత్తం ఖర్చు రెండు వందలు దాటలేదు. ఆ సాయంత్రమే ల్యాప్‌టాప్‌లో మన మీదుగా పోయే విమానాలు వరసగా కనబడ్డాయి, నంబరు, ఎత్తు, వేగంతో సహా. వాళ్లమ్మ చాట పక్కన పెట్టి వచ్చి చూసింది. "ఇండ్ల హైదరాబాద్ పోయేది ఏదే?" అని అడిగింది.

ఇప్పుడు ఆ పిల్ల హామ్ లైసెన్సు పరీక్షకు చదువుతోంది. మొన్న వచ్చి "మామా, పంపేటప్పుడు ఈ వైరు వద్దు. పావు అల దగ్గర 112.5 బై 50, అంటే 2.25 చూపిస్తది, సెట్టు పవర్ తగ్గించుకుంటది" అంది. సగం అల పొడవుకు సరిగ్గా కోస్తే అటు 50 ఇటు కూడా 50 గానే కనబడుతుంది కదా అన్నాను. "అది ఒక్క ఫ్రీక్వెన్సీకే కదా" అంది.

సభ్యులకు ఒక మనవి. మీ స్లాబు మీద వాడని ఆర్‌జీ-6 ఉంటే భంగారు వాడికి కిలో లెక్కన ఇవ్వకండి. మొదట చివర కోసి చూడండి. లోపలి అల్లిక తెల్లగా మెరుస్తూ ఉంటే మంచిది. నల్లబడి పొడి రాలుతుంటే నీళ్లు దిగాయి, అది భంగారుకే. మంచివి చుట్టకట్టి, పొడవు ఎంతో చిట్టీ రాసి, ఆదివారం పొద్దున సంఘం ఆఫీసులో ఇవ్వండి. డిప్లొమా, ఐటీఐ చదివే మన పిల్లలు నలుగురు పేర్లు ఇచ్చారు, ఒక్కొక్కరికి ఇరవై అయిదు మీటర్లు కావాలి. కనెక్టర్లు బిగించే పని నేను చూసుకుంటాను, ప్లయర్ ఇంకా ఉంది.